ఒక్కసారే చెబుతాం

మా సుబోధినీ విద్యాలయంలో ఎవరూ ఎవరినీ ఏదీ రెండోసారి అడగకూడని కాలం ఒకటి నడిచింది. ఆ రోజుల్లో బడి ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, గేటు దగ్గర మరమరాలు అమ్ముకునే ఆదెమ్మ ఇవాళ కూడా సెలవు కాబోలనుకుని బండి తిప్పుకుని వెళ్ళిపోయేది.

ఈ ప్రశాంతతకు మూలపురుషుడు మా కరస్పాండెంటు గోవర్ధనరావుగారు. వారికి ఏటా ఒక పూనకం వస్తుంది. కిందటేడు ఎడమచేత్తో రాస్తే మెదడు పెరుగుతుందని ఎవరో చెప్పారట. పిల్లలందరిచేతా ఏడాది పొడుగునా ఎడమచేత్తో రాయించాం. మెదళ్ళ సంగతి దేవుడికెరుక, కుడిచేతి రాత మాత్రం ఇప్పటికీ కోలుకోలేదు. ఈ ఏడు హైదరాబాదు నుంచి నిశ్చల్ గారనే వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వినడం గొప్పతనాన్ని గురించి మాట్లాడాడు. ఆయన్ని విన్నవాళ్ళలో సగంమంది నిద్రపోయారు, మిగతా సగం నిద్రపోతున్నవాళ్ళని చూసి కుళ్ళుకున్నారు.

"వివేకవంతుడు ఒక్కసారి వింటాడు," అన్నాడాయన. "రెండోసారి అడిగేవాడు ఎదుటివాడి కాలాన్ని దొంగిలిస్తున్నాడు. దొంగను బడిలో ఉంచుకుంటారా?"

గోవర్ధనరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సాయంత్రానికల్లా విధానం తయారైంది. ఉపాధ్యాయుడు ఏ మాటైనా ఒక్కసారే చెబుతాడు. పిల్లలు ఒక్కసారే వింటారు. "ఏంటి సార్?" అన్నా, "ఆఁ?" అన్నా, "మళ్ళీ చెప్పండి" అన్నా అది అంతరాయం. మూడు అంతరాయాలయితే ప్రవర్తనా లోపం. ప్రవర్తనా లోపానికి టీసీ.

తెలుగు పండితుణ్ణి గనక పేరు పెట్టే బాధ్యత నామీద పడింది. 'సకృచ్ఛ్రవణ విధానం' అని పెట్టాను. ఎంత చక్కటి పేరు! కరస్పాండెంటుగారు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి నావైపు చూశారు. మళ్ళీ చెప్పమని అడగడం అప్పటికే నిషేధం. పాపం, గొంతు సవరించుకుని, "బోర్డు మీద 'ఒక్కసారే చెబుతాం' అని రాయించండి పంతులుగారూ, సింపుల్‌గా ఉంటుంది," అన్నారు.

బుద్ధిగా వినే పిల్లలకు చొక్కాకు తగిలించుకోవడానికి చెవి ఆకారంలో ఇత్తడి బిళ్ళలిచ్చారు. దూరం నుంచి చూస్తే అచ్చం జీడిపప్పులా ఉండేవి. పిల్లలు వాటిని జీడిపప్పు అనే పిలిచేవారు. అంతరాయం కలిగించినవాళ్ళ జీడిపప్పు ఊడబెరుకుతారు.

వారం తిరిగేసరికి పిల్లలు దారికొచ్చారు. ఏం చెప్పినా తల ఊపడం నేర్చుకున్నారు. భాగహారం చెప్పినా ఊపారు, బాలచంద్రుడి గురించి చెప్పినా ఊపారు. 'అర్థమైందా?' అంటే ఊపారు, 'అర్థం కాలేదా?' అన్నా ఊపారు. ఆ మధ్య ప్రాంతీయ విద్యాధికారి కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన ముగ్గురు, "మీ ఊళ్ళో ఏ పంట పండిస్తారు బాబూ?" అని అడిగితే నాలుగో తరగతి మొత్తం ఏకంగా తల ఊపింది. వాళ్ళు ఏదో రాసుకుని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. "చూశారా, నోట మాట రాలేదు వాళ్ళకి," అని గోవర్ధనరావుగారు మురిసిపోయారు.

ఇంత పద్ధతిగా సాగుతున్న బడిలో ఒక్కటే కంటిలో నలుసు. మూడో తరగతి దీవెన.

ఆ పిల్ల సంగతి చెప్పాలి. ఆర్టీసీ కండక్టరు శాంతకుమారి కూతురు. తండ్రి లేడు. ఇప్పటికి రెండు బడులు 'వినదు, గోల చేస్తుంది' అని పంపించేశాయి. చెవులకేమీ లోటు లేదు. పక్క గదిలో బఠానీల పొట్లం విప్పినా ఆ పిల్లకు వినిపిస్తుంది. చిక్కంతా మాటల దగ్గరే. 'వాచకం తీసి, పద్యం చూసి, రెండో ప్రశ్నకు జవాబు రాసి, పుస్తకం బల్లమీద పెట్టి వచ్చి వరసలో నిలబడండి' అన్నామనుకోండి, మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చివరి ముక్క ఒక్కటే మిగులుతుంది. వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడుతుంది. క్లాసంతా నవ్వుతుంది. నవ్వితే దానికి ఏడుపొస్తుంది, ఏడుపొస్తే పెన్సిలు డబ్బా విసురుతుంది. అక్కణ్ణించి అది రౌడీపిల్ల.

'దీవెనా, పుస్తకం తియ్యి' అని కాసేపు ఆగితే తీస్తుంది. 'పద్యం చూడు' అని మళ్ళీ ఆగితే చూస్తుంది. గోలా ఉండదు, డబ్బా లేవదు. ఈ సంగతి నాకు మొదటి నెలలోనే తెలిసింది. కానీ విధానంలో ఆగడమనేది లేదు గనక నా దగ్గరే ఉంచుకున్నాను.

మొదటి అంతరాయం ప్రార్థన దగ్గర జరిగింది. రెండోది పరీక్షలో. ఇక మూడోది చరిత్రకెక్కాల్సిన సంగతి.

విధానం ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు సిబ్బందికి మాత్రం ఎందుకు వర్తించకూడదని కరస్పాండెంటుగారు అనుకున్నారు. సైన్సు మాస్టారు ఏ తరగతికి ప్రశ్నపత్రం తయారుచేయాలో అడక్కుండా పై తరగతి పేపరు తయారుచేశారు. పిల్లలు దాన్ని చూసి తల ఊపారు. ఎవరికీ నష్టం కలగలేదు. ఆ తరవాత ఒకరోజు పొద్దున్నే కరస్పాండెంటుగారు బడి బస్సు డ్రైవరు మస్తానుకు ఫోను చేసి, "వంతెన బాగుచేస్తున్నారు, చుట్టూ తిరిగి రా," అని పెట్టేశారు. ఎటువైపు చుట్టో చెప్పలేదు. వెనకటి మస్తానైతే తిరిగి ఫోను చేసి ప్రాణం తీసేవాడు. ఇప్పుడు వాడి చొక్కాకూ జీడిపప్పుంది. అడగలేదు. చుట్టూ తిరిగాడు.

అలా తిరిగి తిరిగి, చెరుకు తోటల మధ్య తనెన్నడూ చూడని ఒక ఊళ్ళో తేలాడు. అక్కడ పెళ్ళి జరుగుతోంది. బస్సునిండా పిల్లలు దిగేసరికి పందిట్లోవాళ్ళు పన్నీరు చల్లుతూ ఎదురొచ్చారు. "ఆడపెళ్ళివారి తాలూకా అమ్మా?" అని అడిగారు. పిల్లలంతా తల ఊపారు. ఇంకేముంది, విస్తళ్ళు వేశారు.

అంత బస్సులోనూ అడిగింది దీవెన ఒక్కతే. "మావయ్యా, ఎక్కడికి?" అని దారిలో అడిగింది. మస్తాను పలకలేదు. మళ్ళీ అడిగింది. పందిరి చూసి, "ఇది బడి కాదు! ఇది బడి కాదు!" అని అరిచింది. ఎవరూ వినకపోతే ఏడ్చి, వడ్డిస్తున్న పాయసం గిన్నె తన్నేసింది.

సాయంత్రం నాలుగింటికి పిల్లలు నుదుట గంధం, చేతిలో తాంబూలం సంచులతో బడికొచ్చారు. విచారణ సంఘం వెంటనే కూర్చుంది. కరస్పాండెంటుగారు, హెడ్మిస్ట్రెసు ఇందీవరమ్మగారు, రాసుకోవడానికి నేను. సంఘం తేల్చినదేమిటంటే, డ్రైవరు దారి వెతుక్కుంటున్న కీలక సమయంలో సదరు విద్యార్థిని పలుమార్లు ప్రశ్నించి అతని ఏకాగ్రతకు భంగం కలిగించింది. బస్సు తప్పిపోవడానికి అదే కారణం. ఇది మూడో అంతరాయం. ఆడలేక మద్దెల ఓడు అంటారు కొందరు గిట్టనివాళ్ళు. వాళ్ళు సంఘంలో లేరు.

మర్నాడు శాంతకుమారి ఖాకీ కోటు విప్పకుండా డ్యూటీ మధ్యలోనే వచ్చింది. ఇందీవరమ్మగారు కళ్ళద్దాలు సర్దుకుని అభియోగం చదివారు. "సదరు విద్యార్థిని శ్రవణ క్రమశిక్షణను ఉల్లంఘించుచు, విద్యావాతావరణమునకు విఘాతము కలిగించు ప్రవర్తనను పదేపదే ప్రదర్శించుచున్నందున, సంస్థ శ్రేయస్సు దృష్ట్యా తొలగింపు చర్య ఎందుకు గైకొనరాదో సంజాయిషీ కోరడమైనది."

శాంతకుమారి ఆమె మొహంలోకి చూసింది. "ఏంటి మేడం? మళ్ళీ ఒకసారి చెప్పండి."

కరస్పాండెంటుగారు నావైపు వంగి, "రాసుకోండి పంతులుగారూ. వంశపారంపర్యం," అన్నారు.

రాసుకున్నాను.

"అది కావాలని చెయ్యట్లేదండీ," అంది శాంతకుమారి సంచిలోంచి మడతలు పడిన కాయితం తీస్తూ. "గుంటూరులో డాక్టరమ్మకి చూపిచ్చా. మాట చెవిలో పడ్డాక తలకెక్కడానికి దానికి టైం పట్టుద్దంట. పొట్టిగా చెప్పాలంట, కాస్త ఆగాలంట, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పాలంట. అంతే, మందులూ మాకులూ ఏం లేవంది."

"మళ్ళీ చెప్పాలా?" కరస్పాండెంటుగారు ఆ కాయితాన్ని వేలికొసతో పక్కకు జరిపారు. "రోగానికి మందు అడిగితే ఆవిడ రోగాన్నే మందుగా రాసింది. మా నిశ్చల్ గారితో మాట్లాడాను. ఈ పిల్లకు ఆయన నాలుగ్గంటల ఉపన్యాసం రోజూ పూర్తిగా వినిపించాలి. వినలేనివాళ్ళకు వినడమే చికిత్స."

"నాలుగు మాటలే మొయ్యలేని పిల్లకి నాలుగ్గంటలు ఇనిపిస్తారా? కాళ్ళు లేనోడిని కొండెక్కమన్నట్టుంది మీ వైద్యం!"

"చూడమ్మా, మా నియమం స్పష్టంగా ఉంది. బోర్డు మీద రాసే ఉంది."

అంతవరకూ ఓపిగ్గా ఉన్న మనిషి ఒక్కసారి భగ్గుమంది. "బోర్డా? మా బస్సు నెత్తిన ఇంతింత అచ్చరాలతో బాపట్ల అని రాసుంటది సార్. ఎక్కే ప్రతివోడూ బాపట్ల పోద్దా అని అడుగుతాడు. ఎక్కి కూకున్నాక ఇంకోపాలి అడుగుతాడు. మీరూ అడిగారు, పోయిన్నెల, పక్కసీట్లో మీ ఆవిడ కూడా ఉంది. అడిగినోళ్ళందరికీ టీసీలిచ్చి దింపేస్తే బస్సులో నేనూ డ్రైవరూ మిగుల్తాం!"

"ఇది బస్సు కాదు, విద్యాసంస్థ," అన్నారు కరస్పాండెంటుగారు.

ఆ మాటకు ఆమె కోపం చల్లారి మరేదో అయింది. కోటు అంచు నలుపుతూ కింద చూసింది. "ఇది మూడో బడండీ. ఇక్కడా పొమ్మంటే ఈ ఊళ్ళో ఇంకోటి లేదు. నాకు తెల్లారగట్ట డ్యూటీ. దాన్ని ఇంట్లో పెట్టి తాళమేసి పోవాల. ఎనిమిదేళ్ళ పిల్లండీ. తాళమేసి ఎట్టా పోయేది?"

ఆగి చెబితే ఆ పిల్ల చేస్తుందని నాకు తెలుసు. కానీ సంఘం కార్యదర్శికి ఏమీ తెలియకూడదు. కలం పట్టుకుని కూర్చున్నాను.

మానవతా దృక్పథంతో సంఘం ఒక అవకాశమిచ్చింది. బడి వార్షికోత్సవానికి ప్రాంతీయ విద్యాధికారి భుజంగరావుగారు వస్తున్నారు. ఆరోజు దీవెన మొదటి వరసలో, అందరి కళ్ళ ముందూ, ఒక్క అంతరాయం లేకుండా కూర్చోవాలి. కూర్చుంటే బళ్ళో ఉంటుంది. లేకుంటే టీసీ సిద్ధంగా ఉంటుంది, సంతకంతో సహా.

వార్షికోత్సవం నాటికి మైదానంలో షామియానా వేశారు. పిల్లలు జీడిపప్పులు తోముకుని వచ్చారు. దీవెనకు తల్లి రెండు జడలు బిగించి వేసింది. "కూర్చో," అంది. ఆగింది. "మాట్లాడొద్దు," అంది. పిల్ల తల ఊపింది. శాంతకుమారి వెనక్కెళ్ళి షామియానా గుంజ పట్టుకుని నిలబడింది. కరస్పాండెంటుగారి జేబులో మడిచిన టీసీ కొస బయటికి కనిపిస్తోంది.

భుజంగరావుగారు మైకు ముందుకొచ్చి కాయితం విప్పారు. ఆయన గొంతు వింటే ఇంటికెళ్ళి అన్నం వడ్డించమని అడగడానికి కూడా ఫైలు పెడతారనిపిస్తుంది.

"ఈ పాఠశాల గుర్తింపును కొనసాగించు విషయమై తనిఖీ బృందము సమర్పించిన నివేదికను కూలంకషముగా పరిశీలించిన మీదట, విద్యార్థులు ఏ ప్రశ్నకైనను తల ఊపుట తప్ప ప్రత్యుత్తరమీయలేని స్థితిలో నున్నట్లు వెల్లడియైనందున, సదరు గుర్తింపును ఉపసంహరించుకొనుటకును, విద్యార్థులను పరిసర ప్రాంత పాఠశాలలయందు సర్దుబాటు గావించుటకును ప్రతిపాదించడమైనదనియు, అభ్యంతరములున్నచో ఈ సభయందే తెలియజేయవలెననియు, లేనిచో సమ్మతించినట్లు భావించి తదుపరి చర్యలు గైకొనబడుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది."

అద్భుతమైన వాక్యం. ఒక్క చోట కూడా తెగలేదు. 'ఉపసంహరించుకొనుట' అన్న మాట పడిన తీరుకు నేను మైమరచిపోయాను. అర్థం జోలికి వెళ్ళలేదు. గోవర్ధనరావుగారు 'గుర్తింపు' అన్న మాట పట్టుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సిబ్బంది కొట్టింది. పిల్లలు తలలూపారు. బ్యాండు మేళం మొదలెట్టింది. ఇందీవరమ్మగారు శాలువా మడత విప్పుతున్నారు.

భుజంగరావుగారు కాస్త విస్తుపోయారు. మూసేస్తామంటే ఇంతలా సంతోషించినవాళ్ళని ఆయన సర్వీసులో చూసి ఉండరు. "అయితే అభ్యంతరాలేమీ లేనట్టేనా?" అన్నారు.

"ఏంటి సార్?"

మేళం ఆగింది. దీవెన లేచి నిలబడి ఉంది. వెనక శాంతకుమారి రెండు చేతులతో నోరు మూసుకుంది. కరస్పాండెంటుగారి చెయ్యి జేబులోకి పోయింది.

"ఏమిటమ్మా?" అన్నారు భుజంగరావుగారు.

"అర్థం కాలా. మళ్ళీ చెప్పండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన వాక్యం ఎవరికైనా అర్థం కావాలని ఇంతవరకూ ఎవరూ కోరినట్టు లేదు. "తనిఖీ నివేదికననుసరించి ఈ పాఠశాల గుర్తింపును ఉపసంహరించుకొనుటకు..."

"ఏంటి?"

"అంటే... గుర్తింపు రద్దు చేసి, పిల్లల్ని వేరే చోట్లకు..."

"ఏంటి సార్?"

ఆయన కాయితం కిందికి దించారు. "మీ బడి మూసేస్తామంటున్నానమ్మా."

పిల్ల కదల్లేదు. పెదాలు మాత్రం కదుల్తున్నాయి. మీ. బడి. మూసేస్తాం. ఎందుకో ఆయన కూడా తొందరపడకుండా ఆగారు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఆ మాట అప్పుడెక్కింది అందరి తలలకీ. గోవర్ధనరావుగారి చప్పట్ల చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ఎందుకు?" అంది దీవెన.

"పిల్లలు ఏం అడిగినా మాట్లాడట్లేదు. అందుకు."

మళ్ళీ పెదాలు కదిలాయి. తరవాత ఆ పిల్లకు కోపం వచ్చింది. "నేను మాట్లాడుతున్నాగా!"

భుజంగరావుగారు నవ్వేశారు. నవ్వు ఆపుకుని, పక్కనున్న గుమాస్తాతో, "అభ్యంతరం నమోదు చెయ్యండి. చర్య వాయిదా," అన్నారు. ఆ శాలువా తీసుకుని ఆయన దీవెనకు కప్పబోయారు గానీ, అది నేలమీద జీరాడుతుంటే గోవర్ధనరావుగారే చటుక్కున అందుకుని తన భుజం మీద వేసుకున్నారు.

బడి నిలబడింది. టీసీ జేబులోంచి బల్ల సొరుగులోకి వెళ్ళింది. శాంతకుమారి ఆరోజు కూతుర్ని ఎత్తుకునే ఇంటికి తీసుకెళ్ళింది, ఎనిమిదేళ్ళ పిల్లని.

కథ ఇక్కడితో అయిపోతే మాది విద్యాసంస్థ ఎందుకవుతుంది? ఆ సోమవారమే నిశ్చల్ గారు మళ్ళీ దిగారు. ఈసారి అడగడం గొప్పతనాన్ని గురించి అంతసేపూ మాట్లాడారు. "వివేకవంతుడు మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. అడగనివాడు ఎదుటివాడి జ్ఞానాన్ని అవమానిస్తున్నాడు!" కరస్పాండెంటుగారు మళ్ళీ లేచి నిలబడ్డారు. విధానం సాయంత్రానికి తయారు. నేను 'పునఃపృచ్ఛా విధానం' అని పేరు పెట్టాను. గురువు ఏ మాట చెప్పినా ప్రతి విద్యార్థీ రెండుసార్లు "ఏంటి సార్? మళ్ళీ చెప్పండి" అని గట్టిగా అడగాలి. అర్థమైనా సరే. అడగకపోవడం మౌన అంతరాయం. మూడు మౌనాలకు టీసీ.

కొత్త బిళ్ళలు నోటి ఆకారంలో వచ్చాయి.

ఇప్పుడు మా బడి గోల బస్టాండు దాకా వినిపిస్తుంది. ఆదెమ్మ మరమరాల బండి శాశ్వతంగా వెనక్కొచ్చింది. నేను క్లాసులో "పుస్తకం తియ్యండి" అంటాను. నలభై గొంతులు ఒక్కసారి "ఏంటి సార్" అని పైకప్పు లేపుతాయి. ఆ గోలకు దీవెన రెండు చెవులూ మూసుకుంటుంది. కానీ నేనన్నది రెండు ముక్కలే. అది మొదటిసారికే అర్థమవుతుంది. ఏమీ అడక్కుండా పుస్తకం తీసి, పద్యం చూసుకుంటూ కూర్చుంటుంది. మూడు రోజులు అలాగే కూర్చుంది. క్లాసు లీడరు పిల్ల ఆ మూడు మౌనాలూ రాసిచ్చేసింది.

సొరుగులో టీసీ ఎలాగూ సంతకంతో ఉంది. కారణం ఒక్కటే మార్చాలి. ఈసారి తల్లిని పిలిపించే శ్రమ లేకుండా నోటీసు నాకిచ్చి పంపారు. బస్టాండులో శాంతకుమారి బస్సు కదలబోతుంటే పరుగెత్తుకెళ్ళి ఎక్కాను. రెండు స్టేజీలు దాటాక, టికెట్లు కొట్టడం అయ్యాక నా దగ్గరకొచ్చింది.

"సంఘం నిర్ణయమమ్మా," అన్నాను. "దీవెన ఏమీ అడగడం లేదు. అందువల్ల బళ్ళోంచి తీసేస్తున్నారు."

ఆమె కడ్డీ పట్టుకుని నిలబడి, "ఏంటి సార్? మళ్ళీ చెప్పండి," అంది.

"దీవెనకు చెప్పింది మొదటిసారే అర్థమవుతోంది. రెండోసారి అడగడం లేదు. అందుకని..."

"ఇంకోపాలి చెప్పండి."

"పిల్ల నిశ్శబ్దంగా కూర్చుని చెప్పిన పని చేస్తోంది. అది... అందుకని..." అని ఆగిపోయాను. ముందు సీటు ముసలాయన నావైపు తిరిగి చూస్తున్నాడు.

"అడిగింది నాకు అర్థం కాక కాదు సార్," అంది శాంతకుమారి మెల్లగా. "పొట్టి పొట్టిగా చెప్తే మీకైనా ఇనపడుద్దేమోనని."

నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె భుజాన సంచి సర్దుకుని, టికెట్ల యంత్రం చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడికి?" అంది.

ఆ బస్సు ఎక్కడికి పోతుందో ఎక్కేటప్పుడు నేను బోర్డు చూడలేదు, అడగనూ లేదు.